చట్టం ఉందా అని అడిగారు

నాకు నోరెక్కువ. హెడ్మాస్టరు గారి దగ్గర్నుంచి కూరగాయల బండి అతని దాకా ఎవరితోనైనా తగువు పెట్టుకోగలను. ఇరవై ఆరేళ్ళుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. హక్కుల పాఠం మొదలెడితే వెనక బెంచీ వాళ్ళు కూడా నిద్ర మానుకుని వింటారని నాకో గర్వం. నిజంగా అవసరమైన ఒక్క సాయంత్రం ఆ నోరు ఏం చేసిందో చెప్పాలి.

మేముండేది రాజమండ్రిలో, ధవళేశ్వరం వెళ్ళే రోడ్డు పక్కన ఐదు కాపురాలున్న చిన్న అపార్ట్‌మెంట్లో. ఐదిళ్ళకీ ఒకావిడే పనిచేసేది. ధవళేశ్వరంలో గోదారి గట్టు కింద, చేపలు పట్టేవాళ్ళ పేట ఆమెది. భర్తకి వేట ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. ఇల్లు గడిచేది మా ఐదిళ్ళ మీదే. పొద్దున్నే ఆరింటికి ఆటో దిగిందంటే ఒంటిగంట దాకా గిన్నెలు, బట్టలు, గదులు, మెట్లు. నడుం వాల్చడం నేనెప్పుడూ చూడలేదు.

మా బిల్డింగులో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటివాళ్ళూ విడిగా జీతం పెంచకూడదు. ఏడాదికోసారి ఆడవాళ్ళమంతా మేడ మీద కుర్చీలు వేసుకుని అందరికీ ఒకే రేటు అనుకుంటాం. ఒకరు ఎక్కువిస్తే మిగతా నలుగురూ పిసినారులవుతారని భయం. ఇందులో తప్పేముందని నేనూ చాన్నాళ్ళు అనుకున్నాను.

ఒకసారి మావారి పీఎఫ్ పని మీద ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, కార్మిక శాఖ నోటీసు బోర్డు కంటబడింది. కనీస వేతనాల పట్టికలో ఇంటిపని కూడా ఉంది. నిలబడిపోయాను. కనీస వేతనమంటే ఏంటో ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పానుగానీ, అది మా వంటింటి సింకు దాకా వస్తుందని ఏనాడూ తట్టలేదు. గంటకింత అని ఉన్నది కాగితం మీద ఎక్కించుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే, మేమిచ్చేది దానికి చాలా కింద ఉంది.

ఆ పూటే నా ఇంటి మటుకు నేను పెంచి ఉండొచ్చు. పెంచలేదు. కట్టుబాటు ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను. పెంచే బదులు, మర్నాడు ఆ కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఏంటండి ఇది?"

"ప్రభుత్వం పెట్టిన రేటు. ఈసారి మేడ మీద కూర్చున్నప్పుడు నువ్వే అడుగు."

"బాబోయ్, నేనా అండి? పొమ్మంటేనో?"

"ఎందుకు పొమ్మంటారు? చట్టముంది. భయమేంటి?"

ఐదో తరగతి దాకా చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కాగితమంతా చదివి, మడిచి జాకెట్లో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మీరు పక్కనుంటే అడుగుతానండి టీచరు గారూ. ఉంటారా?"

"ఉంటాను" అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను.

ఆదివారం సాయంత్రం మేడ మీద చేరాం. ఎప్పట్లాగే మూడో అంతస్తు ఆవిడ మధ్యలో కూర్చుంది. భీమవరం దగ్గర వాళ్ళకి చేపల చెరువులున్నాయి. మా బిల్డింగులో ఆవిడ మాటే చెల్లుతుంది. చెడ్డమనిషేం కాదు. పనావిడకి జ్వరమొస్తే తన కార్లోనే ఆస్పత్రికి తీసుకెళ్ళిన మనిషి. అలాంటావిడకి ఎదురుచెప్పడం ఇంకా కష్టం.

అందరూ టీలు తాగాక, పనావిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని ముందుకొచ్చింది. కాగితం తీసి రెండు చేతులతో అందించింది.

"ఇది చూసి పెంచండి అమ్మగారూ. గవర్నమెంటోళ్ళు పెట్టిందంటండి."

మూడో అంతస్తు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మొహం ఎర్రబడింది.

"ఎవరు రాసిచ్చారు నీకు?"

పనావిడ నా వైపు చూడలేదు. వాటర్ ట్యాంకు వైపు చూస్తూ, "మా పేటలో చదువుకున్న పిల్లుందండి. ఆ పిల్ల రాసిందండి" అంది.

నన్ను కాపాడింది. అప్పుడైనా నేను నోరు తెరవాలి. ఈలోగా మూడో అంతస్తు ఆవిడే నా వైపు తిరిగింది.

"సోషల్ టీచరు కదండి మీరు, మీకు తెలిసుంటుంది. పనివాళ్ళకి ఇలాంటి చట్టం ఉందా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఉందండి, నేనే రాశానండి. మూడే ముక్కలు. అవి నాలిక చివరే ఉన్నాయి. ఈ నలుగురి మధ్యా రోజూ తిరగాలి, ఒకే గేటు, ఒకే లిఫ్టు. ఇంతకాలం తక్కువిచ్చిన ఐదిళ్ళలో నా ఇల్లూ ఒకటి.

"ఉందంటారు గానండి, మనలాంటి ఇళ్ళకి వర్తిస్తుందో లేదో కనుక్కోవాలి" అన్నాను.

పనావిడ అప్పుడు చూసింది నా వైపు. కోపంగా కూడా కాదు. నేను సరిగ్గా వినలేదేమో అన్నట్టు చూసింది.

"చూశావా? టీచరు గారే చెబుతున్నారు. నీకెవరో బాగా ఎక్కించారు. రేపట్నుంచి రానక్కర్లేదు" అంది మూడో అంతస్తు ఆవిడ. మిగతా వాళ్ళు ఊ అన్నారు. నేను ఊ అనలేదు, ఊహూ అని కూడా అనలేదు. పనావిడ ఖాళీ కప్పులు ట్రేలో సర్దుకుని మెట్ల మీంచి కిందికి దిగిపోయింది.

వారంలో ఇంకొకరు దొరుకుతారనుకున్నారు. కబురు పెట్టిన ప్రతి మనిషీ ఒకటే మాట. "మీ పాత పనావిడ వదిలేశానని చెబితే వస్తామండి. చెప్పకుండా వస్తే మాకు బాగోదండి." ఒకరి ఇల్లు ఇంకొకరు పట్టకూడదని వాళ్ళలో వాళ్ళకి ఉన్న కట్టుబాటు మాకెవ్వరికీ తెలీదు. అక్కడ ఆమె ఇల్లెలా గడుస్తోందో అడిగే ధైర్యం నాకు లేదు. మెట్ల మీద మట్టి పేరుకుంటోంది. ఆటో ఆగిన చప్పుడైతే చాలు, తోముతున్న గిన్నె వదిలేసి బాల్కనీలోకి పరిగెత్తేదాన్ని. స్కూల్లో ఆ వారమంతా పిల్లల మీద అయినదానికీ కానిదానికీ అరిచాను.

పదకొండో రోజున మూడో అంతస్తు ఆవిడే ఫోన్ చేసి పిలిపించింది. కాగితంలో ఉన్నంత కాదుగానీ, దానికి కాస్త దగ్గరగా పెంచారు. ఆదివారం సెలవు కూడా ఒప్పుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె బతుకు నిలబడింది, నా తప్పు కడుక్కుపోయింది అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను.

మిగతా నాలుగిళ్ళకీ వెళ్ళింది. మా ఇంటికి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు మెట్ల దగ్గర ఆపాను.

"మా ఇంటికి రావట్లేదేంటి?"

"మీ ఇల్లు మానేశానండి. మావోళ్ళకి కూడా చెప్పేశానండి, కావాలంటే ఇంకొకరు వస్తారు."

"కాగితంలో ఉన్నదంతా ఇస్తాను. ఎవరేమనుకున్నా సరే."

"ఆయ్, ఇస్తారండి. మీరు మంచోరే." చీపురు ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఆళ్ళకి తెలీక పొమ్మన్నారండి. మీకు తెలుసు కదండి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పై మెట్టు మీద నీళ్ళు చల్లి ఊడవడం మొదలెట్టింది. నేను పక్కకి తప్పుకున్నాను.

ఆ తర్వాత ఎవర్నీ పెట్టుకోలేదు. మా గిన్నెలు నేనే తోముకుంటున్నాను. ఎందుకండీ ఈ అవస్థ అని మొన్న మూడో అంతస్తు ఆవిడ లిఫ్టులో అడిగింది. ఒంటికి కాస్త పనుండాలని డాక్టరు గారు చెప్పారన్నాను. ఆవిడ నమ్మింది.