ఆమె అనని మాటలు

నేను కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తున్న రోజుల్లో కరీంనగర్‌లో ఒక నరాల డాక్టరుగారితో కలిసి పనిచేసేదాన్ని. ఆయన దగ్గరికి ఒక రకం జబ్బుతో కొందరు వచ్చేవారు. కండరాలను కదిలించే నరాలు మెల్లమెల్లగా చచ్చిపోయే జబ్బు అది. కొందరికి కాళ్లతో మొదలవుతుంది, కొందరికి నాలుకతో. నాలుకతో మొదలైనవాళ్లకు ముందు మాట ముద్దగా వస్తుంది, తర్వాత అసలే రాదు. మాట పూర్తిగా పోకముందే వాళ్ల గొంతు రికార్డు చేసి, మా ల్యాబు కంప్యూటరులో పెట్టి, ఫోనులో ఏది టైపు చేస్తే అది వాళ్ల గొంతుతోనే పలికేలా చేయడం మా పని. మందు లేని జబ్బుకు మేం చేయగలిగింది అంతే.

డాక్టరుగారు మొదట నా దగ్గరికి పంపింది చొప్పదండి దగ్గరి పల్లెటూరామెను. బట్టలు కుట్టేది. భర్త మస్కట్‌లో మేస్త్రీ. ఒక్కతే బిడ్డ, ఏడో తరగతి చదువుతోంది. నేనే వాళ్లింటికి వెళ్లి, కుట్టు మిషను పక్కన కూర్చుని రికార్డు చేసేదాన్ని. కాగితం మీది వాక్యాలను ఆమె చదవాలి. "సూర్యుడు తూర్పున ఉదయించాడు" దగ్గర ఆగిపోయింది.

"గీ మాట నేనెప్పుడన్న అంటనా చెల్లె? పొద్దు వొడిసింది అంట గని."

కాగితాలు పక్కన పెట్టేశాం. ఆమె రోజూ అనే మాటలే రాసుకుని చదివించాను. ఇంత తిని పో బిడ్డా. జర గా కత్తెర అందియ్యి. కరెంటు ఎప్పుడొస్తదో ఏమో. కొంచెం చదివేసరికే ఆమె దవడలు నొప్పి పెట్టేవి. నేను ఆపుదామంటే ఒప్పుకునేది కాదు.

"ఉన్నప్పుడే తీస్కో. రేపు ఉంటదో లేదో."

భర్తకు జబ్బు సంగతి చెప్పలేదు. మాట ఎందుకు తేడాగా ఉందంటే పంటి నొప్పి అని దాటేసేది. చివరికి మాట పడిపోయింది. అప్పుడు బిడ్డ ఫోను నుంచి అతనికి కలిపి, తన ఫోనులో టైపు చేసి దాని పక్కన పెట్టింది. ఆరోజు నేనక్కడే ఉన్నాను.

"మంచిగున్న. నువ్వు తిన్నవా?" అంది ఫోను ఆమె గొంతుతో.

"ఏమైందే? రేడియోల మాట్లాడినట్టు మాట్లాడుతున్నవు," అన్నాడతను.

ఆమె గబగబా టైపు చేయబోయింది. వేళ్లు కూడా అప్పటికే మొద్దుబారుతున్నాయి. అక్షరాలు తప్పు పడ్డాయి. అవతల అతను "హలో, హలో" అంటూనే ఉన్నాడు. బిడ్డ ఫోను లాక్కుని, "బాపూ, అవ్వకు మాట వోయింది. నువ్వు రా," అని ఏడ్చింది.

నెల తిరక్కముందే అతను వచ్చేశాడు. మళ్లీ పోలేదు. అన్నం తినిపించాడు, నీళ్లు పోశాడు, వీల్‌చైర్ తోశాడు. ఆ ఎండాకాలం ఆమె ఊపిరి అందక చనిపోయింది.

కొన్నాళ్లకు అతను నాకు ఫోన్ చేశాడు.

"మేడం, గా గొంతు తీసెయ్యుండ్రి. పోరి బడి నుంచి అచ్చినకాడికెల్లి దాంట్ల రాసుకుంట కూసుంటది. 'రేపు వస్త బిడ్డా, ఫికర్ వెట్టుకోకు' అంటది ఫోను. గా మాట దాని అవ్వ నోట్లెకెల్లి ఎన్నడు రాలే. నాతోని అయితలేదు."

డాక్టరుగారిని అడిగాను. "ఇంటివాళ్లు వద్దంటే తీసెయ్యాల్సిందే. కాని ముందు ఆ పిల్లతో మాట్లాడు," అన్నారు.

వెళ్లేసరికి ఆ పిల్ల స్కూలు బట్టలతోనే ఫోను ముందు కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. తనే మొదలుపెట్టింది.

"నాకెర్కే చిన్నమ్మా, గది అవ్వ కాదని."

"మరెందుకు బిడ్డా?"

"ఊకె ఇనబుద్ధైతది. బాపు ఏం మాట్లాడడు." తర్వాత ఫోను నా చేతిలో పెట్టి అడిగింది. "అవ్వ నవ్వుడు ఉన్నదా గిండ్ల?"

లేదు. మా పనిలో మాటలే కావాలి. దగ్గు, నవ్వు, నిట్టూర్పు ఏవైనా పడితే కంప్యూటరుకు ఇచ్చేముందే కత్తిరించేస్తాం, తీసినవి దాచుకోము. "లేదు బిడ్డా," అన్నాను.

గడపలో నిలబడ్డ తండ్రి విన్నాడు. లోపలికి వచ్చి కింద కూర్చున్నాడు.

"ముందుగాల కిసుక్కుమనేది. గప్పుడు ఊపిరి బట్టి, మల్ల గట్టిగ నవ్వేది," అన్నాడు.

"లే బాపూ. చప్పుడే రాకపోయేది. కొంగు నోటికి అడ్డం వెట్టుకుని ఊగేది."

"నాకు ఫోన్ల ఇనవడేది గద."

"ఇంట్ల గట్ల నవ్వకపోయేది."

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. అన్నేళ్లూ అతను విన్నది ఫోనులోని నవ్వు, ఆ పిల్ల చూసింది ఇంట్లోని నవ్వు. మధ్యలో ఆ పిల్ల ఏడ్చింది. అతను తల నిమిరాడు కాని వాదన ఆపలేదు. నేను లేచి బస్సుకు బయలుదేరాను. గొంతు తీసెయ్యమని ఆరోజు ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత మా పరిశోధన పత్రం అచ్చయింది. అందులో ఆమె గురించి ఒకే వాక్యం ఉంది, వయసూ జబ్బూ మాత్రమే.

దసరా దాటాక అతని దగ్గర నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. "ఇగ తీసెయ్యుండ్రి మేడం. పోరి గూడ సరే అన్నది."

నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. ఆఖరుసారి వినాలనిపించింది. ఏం టైపు చేసినా అది ఆమె అనని మాటే అవుతుంది. వినకుండానే తీసేశాను.