లేకపోతే గారి రెండో గొడుగు

టక్... టకటక్. రెండు గొడుగులు దారిపొడుగునా ఒకదాన్నొకటి పొడుచుకుంటూ మెట్లెక్కే చప్పుడది. అది మూడో అంతస్తుకు చేరకముందే ఆఫీసంతా గుసగుస: "లేకపోతే గారొచ్చేశారు!"

ఆయన అసలు పేరు జీతమిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. సూర్యుడు తూర్పున ఉన్నాడన్నా సరే, ఆయన నోట వచ్చే మాట ఒక్కటే: "లేకపోతే?"

"సార్, క్యాంటీన్లో కాఫీ ఉంది."

"లేకపోతే?"

"టీ తాగండి."

"అదీ లేకపోతే?"

అవతలివాడు తల పట్టుకునేలోగా ఆయన సంచిలోంచి ఫ్లాస్కు తీసేవారు. ఎండ పెళపెళలాడే రోజున కూడా చేతిలో రెండు గొడుగులు. మొదటిది వానకి. రెండోది, మొదటిది లేకపోతే.

వాళ్లావిడ నవ్వుతూ చెప్పేది: "నన్ను చేసుకుంటావా అనడిగి, నేను నోరు తెరిచేలోగా 'ఒప్పుకోకపోతే?' అని కూడా ఆయనే అడిగారమ్మా. దానికి జవాబు తోచక ఒప్పేసుకున్నాను."

ఈ 'లేకపోతే?'తో అందరికన్నా ఎక్కువ వేగింది ఆయన పక్క సీట్లో ప్రోగ్రాములు రాసే ఆమె. తన కొడుకు వెళ్లే చిన్నపిల్లల బడికే అప్పుడొక ప్రోగ్రాము రాస్తోంది. సాయంత్రం గేటు దగ్గరి కంప్యూటర్లో బడి ఆయా ఒక్కో పిల్లవాడి పేరు కొడుతుంది. వాణ్ణి ఎవరికి అప్పగించాలో తెర మీద కనబడుతుంది. పేరే తాళంచెవి. అది తిప్పితే తలుపు వెనక అమ్మో, తాతయ్యో, బడి బస్సో.

"పేరు దొరక్కపోతే?" అన్నారాయన, ఆమె భుజం మీంచి తొంగి చూసి.

"అందరివీ నేనే ఎక్కించాను బాబాయ్‌గారూ. ఎందుకు దొరకదు?"

"నువ్వూ మనిషివే కదమ్మా. దొరక్కపోతే ఏం చేస్తుందిది?"

"ఏం చేస్తుంది, ఆగిపోతుంది."

"మరి పిల్లాడో?"

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "అంత బెంగైతే ఆ ఒక్క లైనూ మీరే రాసుకోండి!"

ఆయన నిజంగానే కుర్చీ జరుపుకొచ్చి రాసేశారు. ఏం రాశారో ఆమె చూడను కూడా లేదు.

ప్రోగ్రాము మొదలైన రోజే ఆకాశం నల్లటి జుట్టు విరబోసుకుంది. మీటింగులోంచి ఆమె బయటికొచ్చేసరికి పక్క కుర్చీ ఖాళీ. గొడుగులు రెండూ లేవు. ఫోను నిండా బడివాళ్ల మిస్డ్ కాల్స్, కింద ఆయా పంపిన ఒక్క ముక్క: 'బాబు పేరు తెర మీద రావట్లేదమ్మా.'

ఆమెకు అప్పుడు తట్టింది. అందరి పిల్లలకూ బడిపేర్లు ఎక్కించింది. తన కొడుకు దగ్గరికొచ్చేసరికి మాత్రం వేళ్లు ముద్దుపేరు కొట్టేశాయి! ఊరందరికీ తాళంచెవులు చేసిపెట్టి, సొంత ఇంటి తాళంచెవి తప్పుగా చేసింది.

పరిగెత్తింది. వాన ఆమెకంటే ముందు పరిగెత్తింది. తెర ఆగిపోయి ఉంటుంది. పిల్లాడు గేటు పట్టుకుని ఏడుస్తుంటాడు. వాడికి ఉరుములంటే చచ్చేంత భయం.

బడి గేటు చేరి చూస్తే, తెర ఆగిపోలేదు. దాని మీద నిదానంగా నాలుగు మాటలు వెలుగుతున్నాయి: 'పేరు దొరకలేదు. కంగారు పడకండి. ఈ నంబరుకు ఫోను చెయ్యండి. ఇంటివాళ్లు వచ్చేదాకా నేనొచ్చి కూర్చుంటాను.' ఆ నంబరు ఆమెకు తెలుసు.

"ఫోను పెట్టీపెట్టకముందే వచ్చేశారమ్మా!" అంది ఆయా. "వస్తూనే బిస్కట్లు తీసి, 'ఇవి నచ్చకపోతే?' అని వాణ్ణే అడిగి, రెండో పొట్లం కూడా విప్పారు."

చూరు కింద నీటిమడుగులో రెండో గొడుగు తలకిందులుగా తెరుచుకుని తేలుతోంది. అందులో పిల్లాడి బూట్లు రెండూ ప్రయాణికుల్లా దర్జాగా కూర్చున్నాయి. గట్టు మీద ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన లేకపోతే గారు, పక్కన పడవ తోస్తూ పిల్లాడు.

"రేపే పేరు సరిచేస్తాను బాబాయ్‌గారూ," అంది ఆమె. "రేపట్నుంచి సరిగ్గా టైముకి వచ్చేస్తాను."

ఉరిమింది. పిల్లాడు పడవ మీంచి తలైనా ఎత్తకుండా అడిగాడు: "రాకపోతే?"

లేకపోతే గారి మొహం చేటంత అయింది. మొదటి గొడుగు తెచ్చి ఆమె తడిసిన తల మీద పట్టి, రహస్యంలా చెవిలో చెప్పారు:

"రాకపోతేనే మంచిదమ్మా. మా పడవింకా అవతలి ఒడ్డు చేరలేదు."