గీత కింద పది మైళ్లు

డెల్బర్ట్ యోస్ట్ ఏ మీటర్‌నీ నమ్మడు. ముల్లున్న వస్తువు ఏది కనబడినా ముందు చూపుడువేలి గోటితో దాని అద్దం మీద టక్ టక్‌మని రెండుసార్లు కొడతాడు. ఆ తర్వాతే అది ఏం చూపిస్తోందో చూస్తాడు. ఎడారి నడుమనున్న ఈలీ ఊళ్లో గోడ గడియారాలు, బరువు తూచే యంత్రాలు, చర్చి వంటగదిలో పొయ్యి, అన్నీ ఆయన గోటి దెబ్బ తిన్నవే. ఎవరైనా నోరు జారి ఒక అంకె చెప్పారంటే దొరికిపోయినట్టే. "ఇవాళ ఎండ తొంభై ఎనిమిదట" అంటే, "ఎవరు చెప్పారు?" అంటాడు.

ముప్ఫయ్యొక్క ఏళ్లు రాగి గనిలో ఆవిరి గొట్టాల మీటర్లు సరిచూడటమే ఆయన ఉద్యోగం. అక్కడ ముల్లు అబద్ధం చెబితే మనుషులు పోతారు. రిటైరయ్యాక ఆ భయం పోలేదు. ఆయనతో పాటు ఊళ్లోకి వచ్చింది, అంతే.

ఒకసారి డాక్టరు రక్తపోటు చూడబోతే, చేతికి పట్టీ కట్టించుకుంటూనే మీటర్‌ని గోటితో కొట్టి, "నాలుగు ఎక్కువ చూపిస్తోంది" అన్నాడు. రక్తపోటు ఉన్న ప్రతివాడూ ఆ మాటే అంటాడని డాక్టరు నవ్వాడు. నెల తర్వాత ఎందుకో అనుమానం వచ్చి ఆ యంత్రాన్ని పరీక్షకు పంపిస్తే, సరిగ్గా నాలుగే ఎక్కువని తేలింది. అప్పట్నుంచి డెల్బర్ట్ వెళితే డాక్టరు ముందు మీటర్‌ని ఆయనకు చూపించి, తర్వాత ఆయన్ని చూస్తున్నాడు.

ఇంటి సంగతి ఇంకో రకం. పాత బండ్లలో ఇంజను వేడి చూపించే మీటర్ని పరీక్షించాలంటే, ఇంజనులోంచి దాని ఇత్తడి గుండీ విప్పి మరిగే నీళ్లలో వేసి చూడాలి. ఆయన దాన్ని భార్య రొవీనా జామ్ వండే గిన్నెలోనే వేసేవాడు. ఆమె కొన్నేళ్లు అరిచింది. చివరికి తినే గిన్నెలన్నిటి అడుగునా గోళ్ల రంగుతో ఎర్రచుక్కలు పెట్టుకుంది. వాళ్లింటికి భోజనానికి వెళ్లినవాళ్లు సూప్ పోసుకునే ముందు గిన్నె ఎత్తి అడుగు చూస్తే, ఎవరూ తప్పు పట్టరు.

వాళ్ల స్నేహితురాలు ఆర్డిస్‌ది అదే ఊరు, ఆమె భర్త లోవెల్ దీనికి సరిగ్గా తలకిందులు. ఆయనకు ముల్లంటే లెక్కే లేదు. వాళ్లకొక డెబ్భై నాలుగు నాటి మోటార్‌హోమ్ ఉంది. ముందు బస్సు, వెనక ఇల్లు, మంచం నుంచి పొయ్యి దాకా అన్నీ లోపలే. పెట్రోల్ ముల్లు ఖాళీ గీతను తాకగానే లోవెల్ ఈల అందుకుని, "గీత కింద ఇంకా పది మైళ్లుంటుంది" అనేవాడు. ఉండేది కాదు. పదకొండుసార్లు ఎడారి మధ్యలో ఆగిపోయారు. పదకొండుసార్లూ డెల్బర్టే ఎర్ర పెట్రోల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ, "పది మైళ్లుందని ఎవరు చెప్పారు?" అని అడిగేవాడు. "నేనే" అనేవాడు లోవెల్. తర్వాత ఇద్దరూ బండి నీడలో కూర్చుని ఆర్డిస్ కాచిన కాఫీ తాగేవాళ్లు.

లోవెల్ పోయి రెండేళ్లయింది. ఆర్డిస్‌కు బండి మిగిలింది. బండితో పాటు ఆ పది మైళ్ల మాట కూడా మిగిలింది. తనకు తెలియకుండానే ఆమె కూడా ముల్లు గీత దగ్గరికి వస్తే ఈల వేయడం మొదలుపెట్టింది.

ఆమె చెల్లెలు నోలాకు ఆ ఈల వింటే ఒళ్లు మండేది. నోలా బడి ఆఫీసులో హాజరు పట్టీలు చూసి రిటైరైన మనిషి. ఆవిడ లెక్కలో లోకంలో ఉన్నవాళ్లు రెండే రకాలు, వచ్చినవాళ్లు, రానివాళ్లు. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఒంటరిగా అంత బండి తోలుకుంటూ ఎడారిలో తిరిగితే, ఏదో ఒకరోజు రానివాళ్లలో చేరుతుందని ఆవిడ భయం. బండి కొంటానని రీనో నుంచి ఒకాయన ఇచ్చిన కార్డు ఆవిడ చేతిసంచిలో భద్రంగా ఉంది. చివరికి అక్కచెల్లెళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. జులైలో టోనోపాలో పాత మోటార్‌హోమ్‌ల మేళా ఉంది. ఆర్డిస్ బండి తోలుకుని వెళ్లి రావాలి. దారిలో ఒక్కసారి, ఒక్కరిని సాయం అడిగినా బండి రీనో ఆయనకి. సాక్షిగా నోలా పక్క సీట్లో ఉంటుంది. ఆర్డిస్ చెయ్యి కలిపింది. ఈలీలో అందరికీ సంగతి తెలిసిపోయింది.

అప్పటికి బండిలో మీటర్లన్నీ పిచ్చెత్తినట్టున్నాయి. ఇంజను చల్లగా ఉండగానే వేడి ముల్లు చివరికంటా లేచేది. పెట్రోల్ ముల్లు మలుపు మలుపుకూ మనసు మార్చుకునేది. ఏప్రిల్లో డెల్బర్ట్ వచ్చి మూడు రోజులు డ్యాష్‌బోర్డు కింద దూరి పడుకున్నాడు. బయటికి కాళ్లు మాత్రమే కనిపించేవి. ఆర్డిస్ కాఫీ ఆ కాళ్ల పక్కన పెట్టి వెళ్లేది. ఉత్తరాలు ఇచ్చే మనిషి కూడా ఆ కాళ్లకే పలకరింపు చెప్పి పోయేవాడు.

"అన్ని ముళ్లూ ఒకేసారి తాగినట్టు ఊగితే తప్పు ముళ్లది కాదు, ఎర్త్‌ది" అని కింద నుంచి గొంతు వినిపించింది. డ్యాష్‌బోర్డు వెనక ఎర్త్ తీగను బండి ఇనుముకు పట్టి ఉంచే, తుప్పు పట్టిన ఒక మర చూపించాడు. దాన్ని గీకి శుభ్రం చేసి బిగించగానే మూడు ముళ్లు బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగోది పెట్రోల్ ముల్లు. ట్యాంకు నుంచి వచ్చే తీగ విప్పి బండి ఇనుముకు తాకిస్తే, ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు చక్కగా తిరిగింది. ముల్లు మంచిదే. ట్యాంకులో తేలే బెండు పాతబడిపోయింది, దాన్ని మార్చాడు. ట్యాంకు ఖాళీ చేసి, డబ్బా తర్వాత డబ్బా పోస్తూ, పోసిన ప్రతిసారీ లోపలికి వచ్చి టక్ టక్‌మని కొట్టి చూశాడు.

అప్పుడే ఆర్డిస్‌కు జనరేటర్ గురించి చెప్పాడు. "ఈ బండి చేసినవాళ్లలో బుర్రున్నవాడు ఒకడున్నాడు. జనరేటర్ తాగేది కూడా ఈ ట్యాంకులోంచే. కానీ దాని గొట్టం పొట్టి. ట్యాంకులో ఎనిమిది గాలన్లు మిగలగానే దానికి అందదు, దగ్గి ఆగిపోతుంది. చల్లగాలి కోసం ఉన్నదంతా తాగేసి నడి ఎడారిలో కూర్చోకుండా ఆ ఏర్పాటు. అబద్ధం చెప్పడం చేతకానిది ఈ బండిలో ఆ గొట్టం ఒక్కటే."

పెట్రోల్ మీటర్ మొహం మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయని, దాన్ని విప్పి ఇంటికి తీసుకెళ్లాడు. భూతద్దం పెట్టుకుని, వెంట్రుకంత కుంచెతో వారం రోజులు కూర్చుని గీతలూ అంకెలూ తిరిగి రాసి తెచ్చాడు. కొత్తదానిలా ఉంది. "ఇక ఈ ముల్లు నీకు అబద్ధం చెప్పదు, ఆర్డిస్" అన్నాడు. ఆ మాట అంటూ ఎందుకో ఆమె మొహం చూడలేదు.

వెళ్లడం బాగానే వెళ్లారు. తిరిగి వచ్చే రోజు టోనోపాలో పెట్రోల్ బంకు ముందు మేళా బండ్లన్నీ వరుస కట్టాయి. నింపుకుందామా అని నోలా అడిగింది. ఆర్డిస్ ముల్లు చూసింది. సగం. ఈలీ నూట అరవై ఎనిమిది మైళ్లు, మధ్యలో బంకు లేదు.

"చాలు" అంది ఆర్డిస్. "తక్కువైనా, గీత కింద ఇంకా పది మైళ్లుంటుంది."

దారిలో వార్మ్ స్ప్రింగ్స్ అనే చోటు దాటేసరికి ఎదురుగాలి మొదలైంది. అంత ఎత్తు బండికి ఎదురుగాలి అంటే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టినట్టే. ముల్లు పావుకు దిగగానే ఆర్డిస్ జనరేటర్ ఆపేసింది. దానితో కప్పు మీది చల్లగాలి యంత్రం కూడా ఆగింది. కిటికీలు తీస్తే పొయ్యి తలుపు తీసినట్టుంది. నోలా మాట్లాడటం మానేసింది. ఎప్పుడూ మాట్లాడే మనిషి మాట్లాడకపోతే ఇంజను చప్పుడులో ప్రతి చిన్న తేడా వినిపిస్తుంది.

ఈలీకి అరవై మైళ్లుందన్న బోర్డు దగ్గర ముల్లు గీతను తాకింది. ఆర్డిస్ పెదవులు ఈలకు సిద్ధమయ్యాయి కానీ గాలి రాలేదు. సిగ్నల్ లేక ఫోన్లు రెండూ చచ్చిపడి ఉన్నాయి. అరగంటలో ఎదురొచ్చింది ఒక్క లారీ. పది మైళ్లు గడిచాయి. ఇరవై గడిచాయి. లోవెల్ తోలిన ఇరవై ఏళ్లలో ముల్లు గీత కింద ఇంత దూరం ఎప్పుడూ దిగలేదు, గీత దాటీ దాటకముందే బండి ఆగేది. ఇప్పుడది గోధుమ గింజంత కిందికి దిగింది, ఇంకా దిగుతోంది. డెల్బర్ట్ పని తప్పిందా? ఆ ఆలోచనే ఆమెకు పెట్రోల్ అయిపోవడం కంటే భయంగా తోచింది.

ఒక ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ఒక్కసారి తడబడింది. ఎత్తు దిగాక ఆర్డిస్ బండిని రోడ్డు పక్కకు తీసి ఆపింది. పక్కకు చూస్తే నోలా మొహం కందగడ్డలా ఉంది, చెమట కూడా ఆగిపోయింది. నీళ్ల సీసా ఇస్తే చేతిలో పట్టుకుంది కానీ తాగలేదు.

అప్పుడే వెనకనుంచి ఒక పశువుల కాపరి ట్రక్కు వచ్చి పక్కన ఆగింది. టోపీ పెట్టుకున్న మనిషి కిటికీలోంచి వంగి, "అంతా బాగానే ఉందా? ఏమైనా కావాలా?" అని అడిగాడు.

అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "కావాలి" అంటే బండి పోయింది. "అక్కర్లేదు" అంటే, ఇంకో రెండు మైళ్లలో బండి ఆగిపోతే, ఈ ఎండలో నోలా ఏమవుతుందో. ఆర్డిస్‌కు నోరు తెరవక తప్పలేదు. తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడు చల్లగాలి మీట మీద కన్ను పడింది, పొట్టి గొట్టం గుర్తొచ్చింది.

"ఒక్క నిమిషం" అంది ఆ మనిషితో.

జనరేటర్ మీట నొక్కింది. వెనక ఏదో కదిలింది, దగ్గింది, ఆగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ దగ్గింది. మూడోసారి నొక్కి వదలకుండా పట్టుకుంది. జనరేటర్ గొంతు సవరించుకుని గుర్రుమని అందుకుంది. ఆగలేదు. కప్పు మీంచి మొదట దుమ్మూ, తర్వాత చల్లగాలీ నోలా నెత్తిమీద పడ్డాయి.

ఎనిమిది గాలన్లు. తక్కువలో తక్కువ. గాలన్‌కు ఆరు మైళ్లే వేసుకున్నా చాలు, ఈలీకి ఇంకా ఉన్నది ముప్ఫై అయిదు మైళ్లే.

"బాగానే ఉన్నాం. ఆగినందుకు థాంక్స్" అంది ఆర్డిస్. ట్రక్కు వెళ్లిపోయింది. నోలా నీళ్లు తాగి, కాసేపటికి, "అతను వెళ్లిపోతుంటే నేనే పిలుద్దామనుకున్నా" అంది. "నేను పిలిస్తే లెక్కలోకి రాదు కదా." ఆర్డిస్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

బండి కదిలాక ఆర్డిస్ మొదటిసారి ఆ మీటర్ మొహాన్ని పరాయి మనిషి మొహంలా చూసింది. పక్కనున్న మూడు మీటర్లలో గీతలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉన్నాయి. పెట్రోల్ మీటర్లో మాత్రం ఖాళీ గీత కింద బొటనవేలి గోరంత నల్లటి ఖాళీ జాగా ఉంది.

ఈలీ పొలిమేరలో మొదటి బంకు పక్కన డెల్బర్ట్ తన పికప్ ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. వెనక ఎర్ర డబ్బా ఉంది. మోటార్‌హోమ్ కనబడగానే దిగి, ఎటో వెళుతున్నట్టు నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

నోలా దిగీ దిగగానే, "ఆ డబ్బా ఎందుకు?" అని అడిగింది.

"గడ్డి కోసే మిషన్‌కి."

డెల్బర్ట్ ఇంటి చుట్టూ గులకరాళ్లే. గడ్డి పోచ మొలిచి నలభై ఏళ్లయింది.

డెల్బర్ట్ బండెక్కి ముందుకు వంగి మీటర్‌ని టక్ టక్‌మని కొట్టాడు. ఆర్డిస్ ఆయన చొక్కా జేబులోంచి భూతద్దం లాగి, ఆ నల్లటి జాగా మీద పెట్టింది. అట్టడుగున వెంట్రుకంత ఎర్ర గీత ఉంది. దాని కింద చీమ తలంత అక్షరాల్లో, "లోవెల్ ఇక్కడ ఆగేవాడు" అని రాసి ఉంది.

ఆమె చాలాసేపు భూతద్దం తీయలేదు. తీశాక, "నీ ముల్లు అబద్ధం చెప్పదన్నావు" అంది.

"చెప్పలేదు. ఎంతుందో అంతే చూపించింది. ఖాళీ గీతే కాస్త పైన గీశాను." ఆయన కిటికీలోంచి బంకు వైపు చూస్తున్నాడు. "లోవెల్ అంతకాలం ఆ మాట అంటూనే ఉన్నాడు కదా. ఒక్కసారన్నా నిజం అవనీ అని. నువ్వు కూడా ఆ మాట మానవని తెలుసు."

"పది మైళ్లు కాదు. అరవై వచ్చాయి."

"ఎవరు చెప్పారు?" అన్నాడు డెల్బర్ట్.

"నేనే" అంది ఆర్డిస్, అచ్చం లోవెల్‌లా. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లి కాఫీకి నీళ్లు పెట్టింది. మేళాకు బయల్దేరే ముందు, రొవీనా ఇచ్చిన ఆ గిన్నె అడుగున ఎర్రచుక్క ఉందో లేదో నోలా చూసుకుంది కాబట్టి ఎవరూ అనుమానపడలేదు.

మర్నాడు పొద్దున్నే నోలా తన కారు తీసుకుని డెల్బర్ట్ ఇంటికి వెళ్లింది. ఏం పాడైందని ఆయన అడిగాడు. ఏమీ పాడవలేదని చెప్పి, పెట్రోల్ మీటర్ వైపు వేలు చూపించి, "కాస్త పైకి గీయండి" అంది. కాగితం మీద కొలత గీసి చూపిద్దామని ఆయన జేబులు తడుముకుంటుంటే, నోలా చేతిసంచిలోంచి రీనో ఆయన కార్డు తీసి, ఖాళీగా ఉన్న వెనకవైపు పైకి తిప్పి ఇచ్చింది.