మావగారొచ్చినా లేవకూడదట!

మోకాలికి కుట్టు వేయించుకున్న ఆడమనిషీ, డెబ్బై తొమ్మిదేళ్ల పెద్దాయనా కలిసి దొడ్డి గుమ్మం దగ్గర తడి గచ్చు మీద ముప్పావుగంట సేపు ఎందుకు కూర్చుంటారు చెప్పండి? కబుర్లాడుకోవడానికి అనుకుంటున్నారా? కాదండీ బాబూ, లేవడం చేతకాక! పోయిన నెల నేనూ మా మావగారూ చేసిన ఘనకార్యం అదీ. నవ్వండి, పర్లేదు. మావారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మొదటినుంచీ చెబుతా. మా కాలేజీ స్పోర్ట్స్ డే నాడు లేడీ లెక్చరర్లకి టెన్నికాయిట్ పోటీ పెట్టారు. నలభై ఆరేళ్లొచ్చాయి, బోటనీ చెప్పుకునేదాన్ని, నాకెందుకండీ ఆ రింగాట? పిల్లలు "మేడమ్! మేడమ్!" అని అరుస్తుంటే ఒళ్లు తెలీలేదు. రింగు ఎడం పక్కకొచ్చింది. నేను గిర్రున తిరిగాను. పాదం మాత్రం తిరగలేదు. మోకాట్లో టప్పుమని చప్పుడు. అంతే, తణుకు నుంచి తిన్నగా రాజమండ్రి ఆస్పత్రికి.

స్కానింగ్ తీసి, మోకాట్లో రెండెముకల మధ్య ఉండే మెత్తటి కార్టిలేజ్ చిరిగిందన్నారు. కీహోల్ సర్జరీ చేస్తామన్నారు. నడుం కింద మొద్దుబారేలా మత్తిచ్చారు కాబట్టి నాకు మెలకువగానే ఉంది. చిన్న బెజ్జంలోంచి కెమెరా పెడితే నా మోకాలు లోపల ఎలా ఉంటుందో టీవీలో కనబడింది. లేత కొబ్బరిలా తెల్లగా, భలే ఉందండీ! ఓ మూల చిరిగిన పేలిక ఊగుతోంది. "అదేనా డాక్టర్ గారూ?" అని అడిగితే, "మాట్లాడకుండా చూడండి మేడమ్" అన్నారు. క్లాసులో నేను పిల్లల్ని అనే మాట నాకే తగిలింది.

రెండంటే రెండు బెజ్జాలు. చూడ్డానికొచ్చిన చుట్టాలు కట్టు చూసి "ఇంతేనా!" అని నీరుగారిపోయారు. డాక్టరుగారు మాత్రం గట్టిగా చెప్పారు. "గాయం చిన్నదని మోసపోకండి. లోపల కుట్టు వేశాం. ఆరు వారాలు ఆ కాలి మీద బరువు పడకూడదు. కుట్టు ఊడిందా, మళ్లీ ఆపరేషనే." కాలు వంగకుండా తొడ నుంచి పిక్క దాకా ఓ పట్టీ బిగించారు. లేస్తే వాకర్, కూర్చుంటే ఐసు, పడుకుంటే ఎక్సర్‌సైజులు. అన్నిటికీ బుద్ధిగా తలూపాను. ఒక్క సంగతి ఆయనకి చెప్పడం మర్చిపోయాను. మా ఇంట్లో మావగారున్నారు.

మా మావగారు ఒకప్పుడు ధాన్యం వ్యాపారం చేసిన మనిషి. మాట తక్కువ. నేను కాపరానికొచ్చిన వారంలోనే మా అత్తగారు చెవిలో చెప్పారు: "మీ మావయ్యగారికి మర్యాదలంటే మహా పట్టింపమ్మా, చూసుకో." చూసుకున్నాను! ఇరవై రెండేళ్లు! ఆయన గదిలోకొచ్చే ముందు ఓ చిన్న దగ్గు దగ్గుతారు. ఆ దగ్గు వినబడితే చాలు, నేను లేచి నిలబడతాను. భోంచేస్తున్నా సరే, జ్వరమొచ్చినా సరే. నేను లేవాలనుకుని లేవను, కాళ్లే లేస్తాయి. అత్తగారు పోయి ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

మా పడగ్గది మేడ మీద కాబట్టి ఆపరేషనయ్యాక నా మంచం హాల్లో వేశారు. మాది రైలుపెట్టెలాంటి ఇల్లు. ముందు వరండా, పక్కనే మావగారి గది, తర్వాత హాలు, ఆ వెనక వంటిల్లు, దాని వెనక దొడ్డి. ముందునుంచి వెనక్కెళ్లాలంటే హాల్లోంచే దారి. వారం రోజులు మావారు సెలవు పెట్టి దగ్గరుండి చూసుకుని విశాఖ ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆ మర్నాడే మావగారు కాఫీకని బయల్దేరి, గుమ్మంలో దగ్గారు.

నేను లేచాను.

టక్కున, వాకరూ గీకరూ లేకుండా! లేచాక గుర్తొచ్చింది మోకాలు. కెవ్వుమన్నాను. పాపం ఆయన "కూచోమ్మా, కూచో, కూచో!" అంటూ వెనక్కి వెనక్కి వెళ్లి వరండాలో కూలబడ్డారు. మోకాలు రెండ్రోజులు వాచింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే చెడామడా తిట్టి, కుట్టుకేమీ కాకపోతే మీ అదృష్టమన్నారు.

దాంతో మావగారు దగ్గడం మానేశారు. చప్పుడు లేకుండా వస్తే, హఠాత్తుగా ఆయన్ని చూసి ఉలిక్కిపడి సగం లేచాను. మూడోనాడు వరండాలోంచే "లేవకమ్మా, వస్తున్నా!" అని కేకేశారు. ఆ గొంతుకీ లేచాను! మావారు ఫోన్లో, "నాన్నగారే కదే, కూచుంటే ఏమవుతుంది? మంచానికి సీటు బెల్టు పెట్టించనా?" అని ఒకటే వేళాకోళం.

ఆ తర్వాత మావగారు హాల్లోకి రావడమే మానేశారు. నాలుగైదు రోజులు నేను గమనించలేదు కూడా. కానీ రెండున్నరయ్యేసరికి వంటింటి గుమ్మం పక్కనుంచి ఓ చెయ్యి వచ్చేది. చెయ్యి మాత్రమే! స్టూలు మీద ఐసు సంచీ పెట్టి మాయమయ్యేది. సాయంత్రం నేను ఎక్సర్‌సైజు మొదలుపెడితే వరండా కిటికీ అవతలనుంచి లెక్క వినబడేది. తొడ బిగించి పది లెక్కపెట్టే వరకూ అలాగే ఉంచాలి. నేనైతే ఒకటిరెండుమూడు అని గబగబా అయిపోగొట్టేదాన్ని. ఆయన అటు తిరిగి కూర్చుని, కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అంటారే, అలా "లాభం... రెండు... మూడు..." అంటూ తాపీగా చెప్పేవారు. పది వచ్చేసరికి నాకు చెమటలు పట్టేవి.

ఇంతకీ ఆ చెయ్యి వంటింట్లోకి ఎలా వచ్చింది? మా పనిమనిషి సత్యవతిని అడిగాను.

"ఆయ్, పెద్దయ్యగారు సందులోంచి చుట్టూ తిరిగి దొడ్డి గుమ్మంలోంచి వత్తన్నారండి. కాఫీకీ అంతే, బోయినానికీ అంతే. వాన పడితే గొడుగేసుకుని మరీ వత్తన్నారండి."

"నాకు చెప్పవేంటే!"

"చెప్పొద్దన్నారండి. చెబితే మీరు లేత్తారంట!"

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, సొంత ఇంట్లో కాఫీ తాగడానికి ఇల్లంతా చుట్టి రావాలా? అదీ వానాకాలం, సందంతా పాచి. హాల్లోంచే రమ్మన్నానని చెప్పమంటే, "సందు దారిలో గాలి బాగుంటుందిలే" అన్నారట. నా మీద నాకే అసహ్యమేసింది.

నాలుగో వారం. మధ్యాహ్నం అప్పుడే వాన వెలిసింది. సత్యవతి ఇంటికెళ్లిపోయింది. రెండున్నరైంది, చెయ్యి కోసం చూస్తున్నాను. చెయ్యి రాలేదు. దొడ్లో ధబ్బుమని చప్పుడు, "అమ్మా" అని ఓ మూలుగు.

ఎలా లేచానో నాకు తెలీదు. వాకర్ లేదు, ఫోన్ లేదు. గోడ పట్టుకుని, పట్టీ కట్టిన కాలు ఈడ్చుకుంటూ, మావయ్యగారికేమైందో అన్న ఒక్క భయంతో దొడ్డి గుమ్మం దాకా వెళ్లిపోయాను. ఆయన బట్టలుతికే బండ పక్కన తడి గచ్చు మీద కూలబడి ఉన్నారు. నన్ను చూడగానే అరిచారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి!

"నువ్వెందుకొచ్చావు? బుద్ధుందా! ఆ కుట్టు ఊడితే?"

"మీకేమైంది మావయ్యగారూ?"

"మడమ మెలిక పడింది, అంతే. వెళ్లు లోపలికి!"

వెళ్తానా? చెయ్యందించి లేపబోయాను. నేనెంత, నా బలమెంత! ఆయన లేవలేదు సరికదా, నేనే జారి గుమ్మం మీదుగా ఆయన ఎదురుగా చతికిలబడ్డాను. కాలు కర్రలా ముందుకి చాచుకుని! ఇక చూడండి మా అవస్థ. కోడలు నేల మీద పడిందని ఆయన లేవబోతారు, "లేవకండి మావయ్యగారూ!" అని నేను. ఆయన కోసం నేను లేవబోతాను, "లేవకమ్మా!" అని ఆయన. కాసేపటికి ఇద్దరికీ ఆయాసమొచ్చి ఊరుకున్నాం. పక్కింటివాళ్లని కేకేస్తే వినబడలేదు, మళ్లీ పనికి సత్యవతి వస్తే గానీ దిక్కులేదు.

కాసేపు కాకుల్ని చూశాం. తర్వాత ఆయనే అన్నారు.

"నీకో మాట చెబుదామని ఇరవయ్యేళ్లుగా అనుకుంటున్నానమ్మా. నేనొస్తే నువ్వు లేవక్కర్లేదు."

నేను తెల్లబోయాను. "మీకు పట్టింపని అత్తయ్యగారు చెప్పారండీ!"

"నాకా? పట్టింపా? నాతో ఏమందో తెలుసా? పిల్ల మహా పద్ధతిగా పెరిగింది, కూచోమని చెప్పి చిన్నబుచ్చకండి అంది. నువ్వు నిలబడిపోతావనే కదా నేను హాల్లో టీవీ చూడ్డం మానేసింది!"

అయ్యో రామా! ఆయనకి టీవీ అంటే ఇష్టం లేదనుకున్నాను నేను! ఇన్నేళ్లూ వరండాలో ఒంటరిగా కూర్చుంటే, పెద్దాయన గంభీరం అనుకున్నాను. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆయనా నవ్వారు. "ఇద్దరికీ చెరో మాట చెప్పి తను హాయిగా వెళ్లిపోయింది, చూశావా మీ అత్తయ్య!" అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఆవిడంటే ఆయనకెంత ప్రాణమో నాకు ఆ రోజే తెలిసింది. ఆవిడ గురించి చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. చీర తడిసి ముద్దయింది గానీ లేవాలనిపించలేదు.

సత్యవతి వచ్చి, "అయ్యబాబోయ్! ఏంటండీ ఇద్దరూ ఇక్కడ కూకున్నారు!" అని గుండెలు బాదుకుని, పక్కింటివాళ్లని పిలిచి ఇద్దర్నీ లేవదీసింది. రాత్రికి మావారు పరుగున వచ్చారు. మర్నాడు ఒకే కార్లో రాజమండ్రి. నా కుట్టు నిలిచింది, ఆయనది బెణుకేనట. "అసలెందుకు లేచారు మేడమ్?" అని డాక్టరుగారు విసుక్కుంటే, నేను నోరు తెరిచే లోపే మావగారు "తప్పు నాదేనండీ" అనేశారు. అక్కడే కళ్లనీళ్లు పెట్టేసుకున్నాను.

ఇప్పుడు ఆరు వారాలూ దాటాయి. కాలి మీద బరువు వెయ్యొచ్చన్నారు. మావగారు హాల్లోంచే తిరుగుతున్నారు, హాల్లోనే టీవీ చూస్తున్నారు, నేనూ కూర్చునే చూస్తున్నాను. అంతా బాగానే ఉంది గానీ, ఫిజియో అబ్బాయి కొత్త ఎక్సర్‌సైజు ఇచ్చాడు. ఏంటో తెలుసా? కుర్చీలోంచి లేచి నిలబడ్డం! పూటకి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. కూర్చోవడం ఇంత సుఖమని తెలిశాక లేవబుద్ధవుతుందా అండీ?

"లేమ్మా, ఇంకా ఆరుసార్లుంది" అంటారు మావగారు. "ఈ సీరియల్ అవ్వనివ్వండి మావయ్యగారూ" అంటాను. నిన్న సాయంత్రం ఆయన ఇక లాభం లేదని, కర్ర పట్టుకుని తనే లేచి నా ఎదురుగా నిలబడ్డారు. "ఇదిగో, నేను లేచాను. ఇప్పుడైనా లేస్తావా?"

నేను టీవీ మీంచి చూపు తిప్పకుండా, "అయిదు నిమిషాలు, మీరు కూర్చోండి మావయ్యగారూ" అన్నాను.