దూది తడి

సోనారి కాలనీలో మా పక్కింటి మావయ్యకు ఒక ముసలి కుక్క ఉండేది. దాని కనురెప్పల మీద పులిపిరికాయలు లేచి, కళ్లు ఎప్పుడూ పుసి కట్టేవి. ఈ వయసులో మత్తిచ్చి కోస్తే తట్టుకోలేదని పశువుల డాక్టర్ చెప్పాడట. అందుకని మావయ్య రోజూ పొద్దున్నే నీళ్లు కాచి, చల్లార్చి, దూదితో తుడిచేవాడు. ముందుగా ఆ తడి దూదిని తన రెప్ప మీద ఒత్తుకుని చూసుకునేవాడు.

"నాకు సురుక్కుమంటే దానికీ సురుక్కుమంటాది కదేటి," అనేవాడు.

అత్తయ్య పోయిన రోజు ఆయన ఏడవలేదు. గోడకేసి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి లేచి వంటింట్లో గ్యాస్ వెలిగించాడు.

"పీనుగు లెగకుండా పొయ్యి ఎలిగిత్తన్నావేటి బాబూ!" అని అత్తయ్య అక్క కసిరింది.

ఆయన నీళ్లు కాచి, చల్లార్చాడు. ఆ గిన్నెతో గడపలో కూర్చుని, కుక్క తల ఒళ్లోకి తీసుకుని, ఎప్పటిలాగే తడి దూది ముందు తన రెప్పకు ఒత్తుకున్నాడు. నీళ్లు చెంప మీదుగా గడ్డం దాకా జారాయి.

"పోన్లే, ఇప్పటికి ఏడిసాడు," అంది ఆవిడ, గొంతు తగ్గించి.

అందరూ తలలూపారు. పక్కనే ఉన్న నేనూ ఊపాను. మావయ్య కుక్క రెండో కంటికి వేరే దూది తీసుకున్నాడు.