పెళ్లిచీరకు నేను చేసిన కచేరీ

మంచి చేద్దామని బయలుదేరిన మనిషి ఎంత చెడు చేయగలడో మీకు అనుమానం ఉంటే, కాస్త ఓపిక పట్టి ఇది చదవండి. ఇందులో దొంగతనం లేదు, కొట్లాట లేదు, బస్సు బోల్తా పడటం లేదు. నేను పాడాను, అంతే. దానికే ధర్మవరంలో ఒక ఇంటి బతుకు తలకిందులు కాబోయింది.

అప్పటికి కర్ణాటక సంగీతంలో నా డిప్లొమా పూర్తయింది. హిందూపురంలో రెండు గుళ్లలోనూ కొన్ని గృహప్రవేశాల్లోనూ పాడాక, ఇక నా గొంతు డబ్బున్నవాళ్ల మధ్యే ఉండిపోకూడదని తీర్మానించుకున్నాను. సంగీతం పేదల గుమ్మంలోకి వెళ్లాలి, వాళ్ల బతుకుల్ని పైకెత్తాలి, ఆ ఎత్తేవాడు నేనే కావాలి. ఈ పని చేయమని నన్నెవరూ అడగలేదు. పిలుపు కోసం ఎదురుచూసే ఓపిక నాకా వయసులో లేదు.

మా నాయనకు చింతపండు మండీ ఉంది. విషయం చెబితే ఆయన గోనెసంచి మూతి కుడుతూనే అడిగాడు.

“పాడేది సరేప్పా. వాళ్లను ఎత్తేదెందుకు?”

“కళ ఉండేది అందుకే కదా నాయనా.”

“ఎత్తమని వాళ్లు అడిగినారా?”

“అడగాలని వాళ్లకు తెలీదు నాయనా.”

“నీకు తెలుసునా?”

తెలుసనే అనుకున్నాను. మృదంగం వాయించే నా స్నేహితుడు బసవరాజును వెంటబెట్టుకుని ముందుగా పెనుకొండ వెళ్లాను. అక్కడ ఒక కల్లంలో వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్లను పని ఆపించి, ఎదురుగా కూర్చుని గంటసేపు పాడాను. వాళ్లు ఎంత నిశ్శబ్దంగా విన్నారంటే నాకు కళ్లు చెమర్చాయి. చివర్లో ఒక పెద్దావిడ లేచి వచ్చింది. ఆశీర్వదిస్తుందేమోనని తల వంచాను.

“అయిపోయినాదా నాయనా? అట్లయితే రవంత పక్కకి జరుగు. కాయలు ఆరబోసే తావులో కూర్చున్యావు.”

తిరుగు బస్సులో బసవరాజు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటున్నాడు. నేను మాత్రం లోతుగా ఆలోచించాను. ఇంకొకడైతే ఇంటికి పోయి అన్నం తిని పడుకునేవాడు. నేను సిద్ధాంతం కనిపెట్టాను. తప్పు పాడటంలో లేదు, పని ఆపించడంలో ఉంది. పని సాగుతూ ఉండాలి, పాట అందులో కలవాలి. మరి మన జిల్లాలో శబ్దం చేస్తూ సాగే పని ఏది? మగ్గం! అలా ధర్మవరం వంతు వచ్చింది.

బసవరాజుకు తెలిసినవాళ్ల ద్వారా ఆదిలక్ష్మక్క ఇంటికి చేరాం. ముందుగదిలో సగం మగ్గమే ఉంది. ఆమె భర్త ఓబులేసు నడుము దెబ్బతిని మగ్గం దిగిపోయాడు. గోడకు ఆనుకుని కూర్చుని కండెలు చుడుతున్నాడు. ఇల్లంతా ఆమె రెండు చేతుల మీద నడుస్తోంది. మగ్గం మీద కెంపురంగు చీర, దానికి జానెడు జరీ అంచు.

“ఇన్నాళ్లూ షావుకారు సాదా చీరలకే పట్టు ఇచ్చి నేయించినాడు సారూ. ఇది పెళ్లిచీర, నా చేతికి మొదటిసారి ఇచ్చినాడు. బాగొస్తే ఇంక ఎప్పుడూ పెళ్లిచీరలే ఇస్తానన్నాడు. ఈయన నడుము చూపించుకోవాల, పాప కాలేజీకి పోవాల. అంతా దీనిమీదే ఉండాది,” అందామె.

“అందుకే పాడతానంటున్నా అక్కా. పాట వింటే అలుపు తెలీదు.”

“అలుపు తెలీకుంటే మంచిదే. చెయ్యి దోవ తప్పుతాదేమో సారూ.”

“సంగీతం చేతికి దోవ చూపిస్తుందక్కా!”

ఆ మాట చెయ్యి పైకెత్తి మరీ అన్నాను. డిప్లొమా ఉన్నవాడి మాట కాదనలేక ఆమె నవ్వి ఊరుకుంది.

మగ్గం గురించి నాకు తెలియని సంగతి ఒకటి మీకు ముందే చెప్పేస్తాను, కనీసం మీరైనా తెలిసి చదవండి. పోగు దాటిన ప్రతిసారీ నేతగాడు మగ్గం పలకను ముందుకు లాగి కొడతాడు. ఆ దెబ్బ చీర మొదటినుంచి చివరిదాకా ఒకే బరువుతో పడాలి. గట్టిగా పడితే గుడ్డ దట్టమవుతుంది, మెల్లగా పడితే పలచబడుతుంది. నాకు మాత్రం ఆ దెబ్బలో వినిపించింది తాళం ఒక్కటే.

రోజూ హిందూపురంలో బస్సెక్కి వచ్చి మగ్గం పక్కన చాప వేసుకుని పాడాను. మూడో రోజుకు మగ్గం నా పాటతో కలిసి నడవడం మొదలుపెట్టింది. బసవరాజు ఉలిక్కిపడి కన్నడం కలిపేశాడు.

“ఏయ్, మగ్గం తాళంలోకి వచ్చేసింది కణో!”

“చూశావా? నేను చెప్పలా?”

“వేగం పెంచి చూడు!”

పెంచాను. కథనకుతూహలం రాగంలో స్వరాల మీద స్వరాలు కురిపించాను. ఆదిలక్ష్మక్క పలకను దడదడలాడించింది. ఇరుగుపొరుగు తమ మగ్గాలు ఆపి గుమ్మంలో మూగారు. “ఇంగొకటి, ఇంగొకటి!” అని అరిచారు. ఆమె నవ్వుతూనే నేసింది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వి చాలా కాలమైందని ఓబులేసు నాకు తర్వాత చెప్పాడు.

మరో మధ్యాహ్నం శహాన రాగంలో ఒక నెమ్మదైన పాట ఎత్తుకున్నాను. ఆమె చేతులు మెత్తబడ్డాయి. పలక పోగును ఊరికే తాకి వెనక్కి పోతోంది. ఆమె భుజంతో కళ్లు తుడుచుకుంటూ నేసింది. నా కళ ఒక శ్రమజీవి గుండెను తాకిందని నేను పొంగిపోయి, పల్లవిని అవసరానికి మించి సాగదీశాను. నేను సాగదీసినంతసేపూ చీర కూడా సాగింది.

చీర మగ్గం దిగిన రోజున నేనూ షావుకారు అంగడికి వెళ్లాను. ఎందుకని అడగకండి. నాకో శాలువా కప్పుతాడని లోలోపల ఆశ.

షావుకారు చీరను విప్పి గుమ్మంలోని వెలుతురుకు అడ్డంగా పట్టాడు.

“ఇదేందమ్మా, ఈడ రేకు మాదిరి గట్టిగుండాది. ఈడ చూస్తే దోమతెర. మళ్లా ఈడ గట్టి. అడుగడుక్కీ పట్టీలు పట్టీలుగా ఉండాది కదా?”

ఆదిలక్ష్మక్క మొహం పాలిపోయింది. నా వైపు చూడలేదు.

“చెయ్యి తప్పిందన్నా,” అంది నెమ్మదిగా.

“పెళ్లిచీర ఇస్తే ఇట్లనా నేసేది? నీ చెయ్యి పెళ్లిచీరకు పనికిరాదమ్మా. సాదా చీరలే నేసుకో.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పంతా తన మీద వేసుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఓబులేసు నడుము, ఆ పిల్ల కాలేజీ కళ్లముందు మెదిలాయి.

“అన్నా, అది ఆమె చెయ్యి కాదు. నేను,” అన్నాను.

“నువ్వెవరప్పా? నువ్వు నేసినావా?”

“లేదన్నా. నేను పాడినాను.”

అంగడిలో గుమాస్తాలందరూ తలెత్తారు.

“పాడితే చీర చెడతాదా? ఎవురికి చెప్తాండావు?” అన్నాడు షావుకారు. అని చీరను బల్లమీద పరిచి, మొదటి పట్టీ మీద వేలు పెట్టాడు. “సరే, పాడు. ఈడ ఏం పాడినావు?”

నా జీవితంలో అంత కఠినమైన పరీక్ష ఇంకోటి లేదు. కథనకుతూహలం ఎత్తుకున్నాను. నా స్వరాల జోరుకు సరిగ్గా దట్టమైన పట్టీ పొడవునా ఆయన వేలు జరిగింది. శహాన అందుకునేసరికి వేలు పలచటి పట్టీ మీదికి వచ్చింది. అది మూరెడు పొడవుంది. నేను సాగదీసిన పల్లవి అది.

“ఇంకా ఉండాదే?” అన్నాడు.

“ఉందన్నా. మళ్లీ మళ్లీ పాడినాను.”

ఆయన ముందు తల పట్టుకున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక ఆదిలక్ష్మక్క వైపు తిరిగాడు.

“ఇంగొక పెళ్లిచీరకి పట్టు ఇస్తా. తీసుకుపో.”

ఆమె రెండు చేతులూ జోడించింది. షావుకారు నా వైపు తిరిగాడు.

“నువ్వు ఈమెకు మేలు చేయాలనే కదప్పా వచ్చింది?”

“అవునన్నా.”

“అయితే ఈ చీర దిగేదాకా ఆ వీధిలో అడుగు పెట్టొద్దు.”

పాత చీరను రవికెగుడ్డలుగా కోసి అమ్మేశారు. నా సంగీతం జనంలోకి వెళ్లడమంటే నికరంగా అదొక్కటే జరిగింది.

రెండో చీర దిగింది. ఒక్క పట్టీ లేదట. షావుకారు మూడోదానికి కూడా పట్టు ఇచ్చాడట. ఆ కబురు చెప్పడానికి ఆదిలక్ష్మక్క ఫోన్ చేసింది.

“మూడోది ఇంకా ఎక్కీలేదు, మగ్గం ఖాళీగా ఉండాది సారూ. రాండి. ఆ రోజు పాడినారే, ఏడిపించే పాట, అది పనీపాటా లేకుండా ఒకసారి వినాల.”

ఆ వారం నేను, బసవరాజు వెళ్లాం. ఆమె స్తంభానికి ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ఊరికే ఉండటం చూడటం నాకు అదే మొదటిసారి. ఉన్న ప్రాణమంతా పెట్టి శహాన పాడాను. చరణంలోకి వచ్చేసరికి ఆమె తల పక్కకు వాలింది. చిన్నగా గురక మొదలైంది. నేను చిన్నబోయి పాట ఆపబోయాను. ఓబులేసు కండె పక్కన పెట్టి కంగారుగా చెయ్యి ఊపాడు.

“ఆపొద్దు సారూ, ఆపితే లేస్తాది. నెలనుంచి కంటినిండా నిద్ర లేదు ఆమెకు.”

గొంతు తగ్గించి సాయంత్రం దాకా పాడాను. నా కచేరీల్లో అంత బాగా సాగింది ఇంకోటి లేదు.

కాబట్టి పాఠకుల సమక్షంలో, శ్రుతిపెట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. పనిలో ఉన్న మనిషి చెవి దగ్గర ఈ జన్మలో నోరు తెరవను. నా పాట వింటూ ఎవరైనా నిద్రపోతే ఇక మీదట నొచ్చుకోను. వాళ్లంతట వాళ్లు లేచేదాకా, మంగళం పాడను గాక పాడను.