మూడుసార్లు పీకిన తీగలు

సంగతి మొదట నాకు చెప్పింది మైపాడు నుంచి మా వీధికి ఎండు చేపలు తెచ్చే ఆమె. గంప దించకముందే, "మీ ఆయన తీగలు లాగిన కాడ్నించి మరబోటులో దిక్కుల పెట్టె తప్పు చూపిస్తా ఉందంటమ్మా! సరంగు మండిపడతా ఉండాడు," అన్నది.

ఆ బోటు నడిపే సరంగు కింద మా అన్న పని చేసేవాడు. కిందటేడు గాలివాన కబురు తెలియక సముద్రంలో చిక్కుకుని, దేవుని దయవల్ల మూడో రోజుకు ఒడ్డు చేరాడు. అందుకే మా వారు ఆ బోటుకు బ్యాటరీతో పలికే రేడియో బిగించారు. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పింది నేనే. నాన్నగారు ఇంట్లో బైబిలుతో పాటు నేర్పిన నాలుగు ముక్కలు అక్కరకు వచ్చాయని స్తోత్రం కూడా చెల్లించుకున్నాను. రేడియో దిక్సూచికి దూరంగా ఉండాలి, బ్యాటరీ నుంచి వచ్చే రెండు తీగలూ పెనవేసి లాగాలి అని అందులో ఉంది. అలాగే చేశాం.

అయినా పక్క బోటులో సూది ఒక వైపు చూపితే, మా దానిలో మరో వైపు. మా వారు తీగలు పీకి వేరే దారిన లాగారు. మారలేదు. ఇంకో రెండుసార్లు పీకారు, లాగారు. వేళ్లు కోసుకుపోయాయి. నేను ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో! అసలు నాకు వచ్చింది ఇంగ్లీషేనా అన్న అనుమానం పట్టుకుంది.

"ఏంది సామీ, మేం సముద్రానికి పోయేదా, మీ తీగలు చూసుకుంటా కూర్చునేదా? రేపు రేడియో తీసి పారేస్తా," అన్నాడు సరంగు.

"మా చెల్లి చదివిన ఇంగ్లీషుకి సూదికి గూడా తల తిరిగినట్టుందే!" అని మా అన్న నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. రేడియో తీసేస్తే, మళ్లీ గాలివాన కబురు అందక పోయేది తన ప్రాణమేనన్న ధ్యాస అతనికి లేదు.

మరునాడు నేనూ బోటు కట్టేసిన కాలువ గట్టుకు వెళ్లాను. "ఒక్కసారి రేడియో, తీగలు అన్నీ గట్టు మీద పెట్టి, అప్పుడు సూది చూడండి," అన్నాను. మూడుసార్లు పీకినా ఆ పని మాత్రం ఎవరమూ చేయలేదు. అన్నీ దించారు. సూది వంకరగానే ఉంది.

అప్పుడు గట్టు మీద నిలబడ్డ సరంగు తల్లి నోరు విప్పింది. "పెట్టె కింద పలకకు నేనే కట్టినాను నాయనా, మీ నాయన లంగరు ముక్క. రేడియో ఎక్కినాక ఊరి కళ్లన్నీ బోటు మీదనే ఉండాయి గదా. దిష్టికి ఇనుము మంచిదని..."

"ముందే చెప్పొచ్చు గదమ్మా!"

"దానికీ సూదికీ ఏం పొత్తో నాకేం తెలుసురా?"

ఆమె తానే బోటెక్కి, పసుపు గుడ్డ విప్పి, అరచెయ్యంత ఇనప ముక్కను కొంగులో చుట్టుకుని దిగింది. సూది మెల్లగా తిరిగి పక్క బోటు సూది చూపే వైపే నిలిచింది.

నా కోపం వెంటనే పోయిందంటే అబద్ధం. ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉన్నాను. అయితే ఆ ఏడు రేడియోలో గాలివాన హెచ్చరిక విని బోటు ముందే వెనక్కి తిరిగింది. మా అన్న అన్నం వేళకు ఇంట్లో ఉన్నాడు. అంతమంది ముందు ఆ తల్లి తప్పు ఒప్పుకోకపోతే రేడియో గట్టు మీదే ఉండిపోయేది. ఆమె ఏ దేవుడికి మొక్కుకునేదో నాకు పట్టింపు లేదు. ఇది చదివినవారు మీ ప్రార్థనలో ఆమెను ఒక్కసారి తలచుకోండి.